బోడెమ్మకొట్టాల హాల్టులో జనం

రేపు ఎగ్జిబిషన్ మొదలవుతుందనగా వెంకటేశ్వర్లు బోడెమ్మకొట్టాల హాల్టు ముందు ఆగాడు. కళ్లద్దాలు పైకి నెట్టుకొని, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ జనాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"వీళ్లను తీసేయాలమ్మా," అన్నాడు.

సుజన చేతిలోని కుంచె ఆగిపోయింది. "ఎవర్ని సార్?"

"ఈ జనాన్ని. అందర్నీ."

జనమంటే చిటికెన వేలి కణుపంత బొమ్మలు. రాగితీగకు ఎం-సీల్ ముద్ద చుట్టి, అది ఆరాక సూదిమొనతో ముక్కూ మూతీ తీర్చి, నాలుగు వెంట్రుకల కుంచెతో రంగులేసి సుజన చేసిన మనుషులు. ఆమె వేసవి సెలవులన్నీ వాళ్లకే పోయాయి. తల మీద గంప పెట్టుకున్న ఆడవాళ్లు, సంచి మీద కూర్చొని బీడీ ముట్టించుకుంటున్న పెద్దమనిషి, చంకలో పిల్లను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చుకుంటున్న తల్లి. ఒకరి చీర రంగు ఇంకొకరికి లేదు. స్కూల్లో డ్రాయింగు టీచరుగా ఇన్నేళ్లు గులాబీ పువ్వులూ జాతీయ జెండాలూ వేయించిన చెయ్యి, ఈ పనిలో పడ్డాకే తనకు తానే నచ్చింది.

"హాల్టు మూసేసినాక జనం ఎందుకుంటారమ్మా?" అన్నాడు వెంకటేశ్వర్లు. "మనం చూపిస్తాండే కాలానికి ఇది ఎత్తేసిన హాల్టు. బండి నిలవదు. బండి నిలవని తావున గంపలు పెట్టుకొని మనుషులు నిలబడితే, చూసేటోళ్లు అడగరా?"

"అడిగితే అడగనీ సార్. ఈ హాల్టు పెట్టాల్సిందే అని పట్టుబట్టింది మీరే గదా. బెంచీకి ఒక కాలు విరిగిన సంగతీ, బోర్డు పక్కకు వాలిన సంగతీ, నీళ్లకుండ గూడు సంగతీ అన్నీ మీరే చెప్పి చేయిస్తిరి. ఇప్పుడు మనుషులు వద్దంటే ఎట్ల?"

"బెంచీ ఉండె, పెట్టినాం. జనం ఉండకూడదు, తీస్తాం. అంతే."

బల్ల కింద వెల్లకిలా పడుకొని వైర్లు అతుకుతున్న భూపేష్ అక్కడి నుంచే అందుకున్నాడు. "టిక్కెట్లు తీసుకోలేదని సారుకు కోపమొచ్చినట్లుండాది అక్కా."

సుజన నవ్వలేదు. కుంచె పక్కన పెట్టి పట్టకార అందుకుంది. ఈ క్లబ్బులోకి ఆమెను పిలిచినవాడు వెంకటేశ్వర్లే. స్కూలు వార్షికోత్సవంలో ఆమె అట్టముక్కలతో చేసిన గండికోటను అరగంట సేపు వంగి చూసి, "మా లైను పక్కన పల్లెలుండాయమ్మా, అవి చేసేటోళ్లు లేరు, వస్తావా?" అని అడిగాడు. ఆడమనిషికి రైళ్లతో పనేముంది అని క్లబ్బులో ఒకరిద్దరు గొణిగితే, ఆ ఒకరిద్దరికీ నెలరోజులు పట్టాలు తుడిచే పని అప్పజెప్పాడు. అటువంటి మనిషి మాటను ఎలా తోసేస్తుంది? పట్టకారతో ఒక్కొక్కరినీ పైకి లాగింది. ప్రతి బొమ్మ కాలి కింద ఒక గుండుసూది ఉంటుంది. మిఠాయి డబ్బాలో దూది పరిచి అందరినీ పడుకోబెట్టి మూత పెట్టింది. ప్లాట్‌ఫారం మీద సూదుల బెజ్జాలు మాత్రం మిగిలాయి. వాటిని పూడ్చమని వెంకటేశ్వర్లు చెప్పలేదు. ఆమె పూడ్చలేదు.

కర్నూలు మోడల్ రైల్వే క్లబ్బు అనగానే పెద్ద సంస్థ అనుకుంటారేమో. ఆటో స్పేరు పార్టుల కొట్టు పైన ఒక గది, దానికొక బోర్డు, అంతే. రిటైరైన స్టేషన్ మాస్టరు వెంకటేశ్వర్లు అధ్యక్షుడు. సెల్‌ఫోన్ల రిపేరు కొట్టున్న భూపేష్ కరెంటు పని చూస్తాడు. ఊళ్లూ కొండలూ చెట్లూ మనుషులూ సుజన. మిగతా సభ్యులు టీ వేళకు తప్పకుండా వస్తారు.

ఎగ్జిబిషన్ ఒక కల్యాణమండపంలో పెట్టారు. ఒక పక్క పాత నాణేలు, ఒక పక్క స్టాంపులు, ఇంకో పక్క కుండీల్లో మరుగుజ్జు చెట్లు పెంచే ఆయన. ఆ చెట్లాయన ముట్టుకోవద్దు ముట్టుకోవద్దు అని అరిచీ అరిచీ పదకొండింటికల్లా గొంతు పోగొట్టుకున్నాడు. మండపం నడుమ మాత్రం రైళ్లు. నల్లమల కొండల పక్కగా నంద్యాల వైపు పోయే పాత మీటర్ గేజి లైనును, ఒకే జత పట్టాలుగా, పొడుగాటి బల్లల మీద పరిచారు. ఈ చివర ఒక స్టేషను, ఆ చివర ఒక స్టేషను. నడుమ ఒక వంక, ఒక వంతెన, జొన్నచేలు, నల్లరేగడి, బోడెమ్మకొట్టాల హాల్టు.

వెంకటేశ్వర్లు తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేయించుకొని, ఎర్రజెండా పచ్చజెండా చంకలో పెట్టుకొని, ఈ చివర మీటల ముందు కూర్చున్నాడు. ఆ చివర మైకుతో భూపేష్. ఇద్దరి మధ్యా తిప్పే చక్రమున్న రెండు పాత ఫోన్లు. లైను ఖాళీగా ఉందా అని ఫోన్లో అడగందే బండి కదలకూడదు. బండి ఎక్కడన్నా ఆగితే ఎందుకాగిందో ఫోన్లో చెప్పాలి, దాన్ని భూపేష్ మైకులో చెప్పాలి. బొమ్మ రైలుకు ఇంత రాద్ధాంతమెందుకని కొత్తవాళ్లు నవ్వుతారు గాని, కాసేపు నిలబడ్డారంటే వాళ్లూ ఫోను ఎప్పుడు మోగుతుందా అని చెవి అటే పెడతారు.

"ఇప్పుడొస్తున్నది నంద్యాల ప్యాసింజరు. పది పెట్టెలు..." అన్నాడు భూపేష్ మైకులో.

"తొమ్మిది!" అని మండపం ఈ చివర నుంచి కేక.

జనమంతా గొల్లున నవ్వారు. వెంకటేశ్వర్లు మాత్రం నవ్వలేదు. తప్పు మాట చెవిన పడితే దాన్ని సరిచేసేదాకా ఆయనకు ఊపిరాడదు. స్టాంపుల ఆయన ఎవరితోనో గుంతకల్లు జంక్షను గురించి ఏదో చెప్తుంటే, ఇక్కడి నుంచి లేచిపోయి దిద్ది వచ్చాడు. ఆ పోయి రావడంలో ప్యాసింజరు బండి లూపులో, స్టేషను పక్కపట్టాల మీద, అలాగే నిలబడింది. ఎందుకు నిలబడిందని భూపేష్ ఫోన్లో అడిగితే, "స్టేషన్ మాస్టరు సీట్లో లేడు" అని తన మీద తనే రిపోర్టు ఇచ్చుకున్నాడు.

సుజన బల్ల వెనక స్టూలు మీద కూర్చొని చూస్తూ ఉంది. బండి కూతపెట్టి హాల్టు దాటిపోయినప్పుడల్లా ఆమె చూపు ఆ బెజ్జాల మీద పడేది. ఒకావిడ ముందుకు వంగి, "ఈ ఊర్లో ఎవరూ లేరేంది, వలస పోయినారా?" అని అడిగింది. సుజన మీటల వైపు చూసింది. సారుకు కావలసింది నిజమే అయితే, ఇలా పాడుబడ్డ ఊరిలా కనిపించడమా నిజం? సాయంత్రానికి ఆమె పనల్లా మెత్తటి బ్రష్షుతో జొన్నచేల మీద దుమ్ము దులపడం అయింది.

రెండోరోజు మధ్యాహ్నం ఒక పెద్దామె, వెంట ఒక మనిషీ లోపలికి వచ్చారు. పెద్దామె కళ్లకు ఆపరేషన్ చేసినవాళ్లకిచ్చే నల్లద్దాలు ఉన్నాయి. బయట ఎండకు తాళలేక, ఫ్యాను గాలికి కాసేపు కూర్చుందామని వచ్చారని ఆ మనిషి మొహంలోనే తెలిసిపోతోంది. సుజన ఆమెకు ఒక కుర్చీ జరిపింది. ఆమె కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకొని, మొహం హాల్టుకు దగ్గరగా పెట్టి, అద్దాలు ముక్కు మీదికి దించి చూసింది.

"దాసన్నా, ఇట్ల రా. ఇది మన హాల్టురా."

"ఏం హాల్టు లేక్కా. బొమ్మలవి."

"బొమ్మలైతే ఏమి? బెంచీ కాలు సూడు, ఇరిగిందే. బోర్డు సూడు, మన పక్కకే వాలుండాది. నాకు సదువు రాదు గానీ ఆ బోర్డు నాకు తెలీదా?" అని సుజన వైపు తిరిగింది. "మాది బోడెమ్మకొట్టాలేమ్మా. నా పేరు గిడ్డమ్మ, వీడు నా తమ్ముడు. ఇదంతా చేసింది ఎవురు?"

"నేనేనమ్మా."

"బంగారమంటి చెయ్యి. అయితే జనాలు యాడికి పోయిరి?"

సుజన సూదుల బెజ్జాల వైపు చూసింది. "హాల్టు మూసేసినారు గదమ్మా. అందుకని పెట్టలేదు."

"మూసేసిరి. మూసేసినాకనే గదా మేము శానా ఏండ్లు ఎక్కింది!" గిడ్డమ్మ ఇప్పుడు కుర్చీలో కూర్చుంది. "కాగితం అంటిచ్చి పోయిరి, ఇంక బండి నిలవదని. మాకు బస్సు లేదు, రోడ్డు లేదు. వంకాయలు నంద్యాలకు ఎట్ల పోవల్ల? నిలవదని తెల్సి గూడా గంపలెత్తుకొని పోయి నిలబడితిమి. ఇంగేం చేస్తామ్మా, కాళ్లకు అలవాటైన దావ. బండి ఉరుక్కుంటా పాయె. మర్సనాడు గూడా పోతిమి. ఆ దినం మెల్లగయ్యి, మా ముందర నిలిచిపాయె. ఎక్కల్నా వద్దా అని మేము మొగాలు మొగాలు సూసుకుంటాంటే, డ్రైవరప్ప మోచెయ్యి బయటికి పెట్టి ఎక్కండన్నట్ల ఊపె."

"డ్రైవరు ఎవరు?"

"ఎవురో. మేము ఎక్కేది ఎనకల పెట్టె. నేను ఆ యప్ప మోచెయ్యి సూసిందే గానీ మొగం సూసింది లేదు. నా కూతురు వరమ్మ ఆ బండిలోనే పోయి నంద్యాలలో ఇంటరు చదివె. ఇప్పుడు కడపలో నర్సు. ఆ పిల్లే ఫోను మీద ఫోను చేసి ఈడ నాకు కండ్లాపరేషను చేయిపిచ్చె. ఆ బండి నిలవకుంటే ఆ పిల్ల చదువూ లేదు, నా కండ్లూ లేవు."

సుజన లేచింది. దాదాపు పరుగెత్తినట్టే వెంకటేశ్వర్లు దగ్గరికి వెళ్లింది.

"సార్, బోడెమ్మకొట్టాల మనిషి వచ్చింది. మూసేసినాక కూడా బండి నిలిచేదంట. జనం ఎక్కేవాళ్లంట. బొమ్మలు పెడతాను సార్."

వెంకటేశ్వర్లు మీటల మీది చెయ్యి తీయలేదు. హాల్టు వైపు చూడనూలేదు. "పెద్దామె ఏదో పొరబడింటాది."

"మీరొకసారి వచ్చి మాట్లాడండి."

"రూలు ప్రకారం ఆ బండి నిలవకూడదమ్మా."

"నిలిచిందా లేదా అని నేనడుగుతాండా సార్."

"డ్యూటీలో ఉండా," అన్నాడు వెంకటేశ్వర్లు. తొమ్మిది పెట్టెల బొమ్మ రైలు ముందు కూర్చొని డ్యూటీ అంట! సుజనకు ఒళ్లు మండిపోయింది. ఇంత గౌరవించిన మనిషి మీద ఇంత కోపం వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. నేరుగా భూపేష్ దగ్గరికి పోయి చెప్పేసింది. "ఈ ఎగ్జిబిషన్‌తో సరి నాకు. రేపు సాయంత్రం నా డబ్బా నేను తీసుకొని పోతా. జనం అక్కరలేని రైల్వేకు నాతో ఏం పని?"

భూపేష్ మైకు పక్కన పెట్టాడు. "రేపటి దాకా ఉండక్కా," అని మాత్రం అన్నాడు.

గిడ్డమ్మ మర్నాడు కళ్లు చూపించుకోవడానికి మళ్లీ ఆస్పత్రికి రావాలి. అది కాగానే ఇక్కడికి రమ్మని సుజన బతిమాలింది. బస్సు తప్పిపోతుందని దాసన్న సణిగాడు గాని, అక్క మాట ముందు అతని మాట ఎప్పుడు చెల్లింది గనక.

చివరి రోజు ఆదివారం. జనం విరగబడ్డారు. గిడ్డమ్మ అన్నట్టే వచ్చి హాల్టు ముందు కుర్చీ వేయించుకొని కూర్చుంది. కాసేపట్లో ఆమె చుట్టూ గుంపు కట్టింది. నిన్న చెప్పిందంతా ఇవాళ ఇంకా ఉత్సాహంగా చెప్తోంది. వంకాయల గంప ఎక్కించడానికి ఎవరు చెయ్యి వేసేవారు, ఏ పెట్టెలో మజ్జిగ ఒలికి ఎవరి పంచె తడిసింది, అన్నీ.

"ఎండనక వాననక, దినామూ నిలిచేది. ఒక్క దినం గూడా తప్పింది లేదు," అంది.

"బేస్తవారం నిలిచేది కాదు."

ఆ మాట మీటల దగ్గర నుంచి వచ్చింది. వెంకటేశ్వర్లు తల ఎత్తకుండానే అన్నాడు, పది పెట్టెలు కాదు తొమ్మిది అన్న గొంతుతోనే. అన్నాక ఆయన చెయ్యి మీట మీద బిగుసుకుపోయింది. ప్యాసింజరు బండి వంతెన మీద ఆగింది.

గిడ్డమ్మ నల్లద్దాలు తీసేసి అటు చూసింది. "అవునప్పా," అంది మెల్లగా. "బేస్తవారం నిలిచేది కాదు. ఆ దినం రావద్దని పట్టాల పని చేసే మనిషి వచ్చి చెప్పిపాయె. మేము ఆ దినం పోయేదే లేదు. నీకెట్ల తెలుసు?"

వెంకటేశ్వర్లు చుట్టూ చూశాడు. గుంపంతా ఆయన్నే చూస్తోంది. సుజన కూడా.

"బేస్తవారం ఇన్‌స్పెక్టరు ఆ బండిలోనే వచ్చేవాడు," అన్నాడు. "ఆ మనిషిని మీ ఊరికి పంపించింది నేనే."

లేచి, బల్ల వెంబడి నడిచి వచ్చాడు. ఎగ్జిబిషన్ మొదలైనాక ఆయన హాల్టు దగ్గరికి రావడం ఇదే. ఒక మాట బయటపడ్డాక మిగతాది దాచుకుంటే అది అరకొర రిపోర్టు అవుతుంది. అరకొర రిపోర్టు ఆయన జన్మలో ఇవ్వలేదు.

"డ్రైవరు ఓబన్న. ఆ మొదటి దినం నా స్టేషనుకు ఆలస్యంగా వచ్చి, 'ఎనుములు మేస్తా మేస్తా పట్టాలకు అడ్డమొచ్చినాయి సార్' అన్యాడు. నేను బండ్ల రాకపోకల లెక్క చూసే కంట్రోలు ఆఫీసుకు ఫోను చేసి అదే చెప్పినా. మర్సనాడు మళ్లా ఆలస్యం. మళ్లా ఎనుములు. వాని మొగం చూస్తి. వాడు నా మొగం చూసె. ఆ తర్వాత వాన్ని అడగడం మానేసినా. బండి రాకముందే నేనే కంట్రోలుకు చెప్పేవాన్ని, బోడెమ్మకొట్టాల కాడ ఎనుములని. ఒకసారి కంట్రోలులో ఉండే ఆయన అన్యాడు, 'ఏమప్పా, మీ కాడ ఎనుములకు టైంటేబులు కంఠతా వచ్చునా? బేస్తవారం సెలవు గూడా తీసుకుంటాండాయే' అని. ఆయన గూడా అంతకుమించి అడగలేదు."

ఎవరో నవ్వారు. గిడ్డమ్మ నవ్వలేదు.

"మరి నా బొమ్మల్ని ఎందుకు తీయించినారు సార్?" అంది సుజన. కోపంగా అందామనుకుంది. గొంతు అలా రాలేదు.

"భయమమ్మా. జనం నిలబడుంటే బండి ఎందుకు నిలిచిందని అడుగుతారు. పాత స్టాఫు ఎవరన్నా వచ్చి చూస్తారు. ఇప్పుడు ఎవరూ ఏమీ చేయరని తెలుసు. అయినా ఆ ప్లాట్‌ఫారం మీద మనిషిని చూస్తే కంట్రోలు ఫోను మోగినట్లే ఉంటాది నాకు. హాల్టు లేకుండా ఈ లైను చేయడానికి మనసొప్పలేదు. జనంతో చేయడానికి ధైర్యం చాలలేదు. నీ కష్టం తెలిసి గూడా తీయించినా."

ముప్పై ఐదేళ్లుగా ఒక మంచి పనిని దొంగసొత్తులా దాచుకున్నాడు మనిషి! సుజనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నిన్నటి కోపం ఎక్కడికి పోయిందో వెతికినా దొరకలేదు. ఇలాంటివాడు తనను ఈ పనికి పిలిచినందుకు మాత్రం ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

"ఆ డ్రైవరప్ప పేరు ఏమన్యావు?" అని అడిగింది గిడ్డమ్మ.

"ఓబన్న. పోయి శానా ఏండ్లాయె."

"ఓబన్న," అంది గిడ్డమ్మ. పెదవులు కదిలిస్తూ మళ్లీ అనుకుంది. "ఇన్నేండ్లకు పేరు తెలిసె. దేవుని ముందర నిలబడినప్పుడల్లా, ఆ మోచెయ్యాయన సల్లగుండల్ల అని మొక్కుతాంటి. నువ్వొకనివి ఉండావని తెలీకపాయెనే, నీకు మొక్కింది లేదే నాయనా." అని రెండు చేతులూ జోడించింది. తెల్ల యూనిఫారంలో సెల్యూట్లు అందుకున్న మనిషికి ఆ దండం ఎలా అందుకోవాలో తెలియలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకొని, తల దించుకొని నిలబడ్డాడు. దాసన్న బస్సు సంగతి మర్చిపోయి ఆయననే చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి వెంకటేశ్వర్లే అన్నాడు. "డబ్బా తీసుకురామ్మా."

సుజన మూత తెరిచి గిడ్డమ్మ ఒడిలో పెట్టింది. గిడ్డమ్మ దూదిలో పడుకున్నవాళ్లను ఒక్కొక్కరినే చూసి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పింది. గంపలవాళ్లు ఆ కొసకు. బీడీ ఆయన బెంచీ మీద కాదు, బెంచీ పక్కన, ఎందుకంటే కాలు విరిగింది గనక. పిల్లతల్లి నీడకు. సుజన పట్టకారతో సూదులు దింపుతూ పోయింది. కొన్ని పాత బెజ్జాల్లోకే దిగాయి. చాలామందికి కొత్తవి పొడవాల్సి వచ్చింది. గుంపులో ఒకరిద్దరు వాళ్ల పక్కనున్నవాళ్లను జరగమని చెప్పి మరీ చూస్తున్నారు.

వెంకటేశ్వర్లు తిరిగి మీటల దగ్గరికి పోయాడు. టోపీ పెట్టుకున్నాడు. ప్యాసింజరు బండి వంతెన దిగి, కూతపెట్టి, హాల్టు వస్తుందనగా మెల్లగయింది. తొమ్మిది పెట్టెలూ ఒక్క కుదుపు లేకుండా జనం ముందు ఆగాయి.

ఫోను మోగింది. ఆ చివర నుంచి భూపేష్ గొంతు, కంట్రోలు గొంతులాగే గంభీరంగా పెట్టి, "ప్యాసింజరు ఎందుకు నిలిచింది మాస్టరూ? రిపోర్టు ఇవ్వండి" అంది.

వెంకటేశ్వర్లు ఫోను చెవి దగ్గర పెట్టుకొని హాల్టు వైపు చూశాడు.

"మనుషులు ఎక్కుతాండారు," అన్నాడు.

భూపేష్ దాన్ని మైకులో చెప్పాడు. మండపమంతా వినపడింది.

వెంకటేశ్వర్లు ఫోను పెట్టేసి గిడ్డమ్మ వైపు చూశాడు. "అందరూ ఎక్కినారామ్మా? పోనిద్దునా?"

గిడ్డమ్మ ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. ఊరి నుంచి హాల్టుకు వచ్చే కాలిబాట కూడా చూసింది. ఒడిలోని డబ్బా వైపు చూసింది. దూదిలో ఒకే ఒక్క బొమ్మ మిగిలి ఉంది, రెండు జడల పిల్ల.

"నిలుపప్పా," అంది. "మా వరమ్మ ఇంకా రాలే. ఆ పిల్ల ఎప్పుడూ అందరికంటే కడాకు ఉరుక్కుంటా వచ్చేది."

వెంకటేశ్వర్లు మీట మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. సుజన ఆ పిల్లను తీసి కాలిబాట మొదట్లో, ఊరి పక్కన నిలబెట్టింది. బండి ఆగే ఉంది. చూస్తున్నవాళ్లెవరూ తొందరపెట్టలేదు.